పాత బండి, దాని జబ్బులు, నా తర్వాత దాన్ని నడిపే మనిషి

నా వయసు ఇరవై ఆరు. కార్ల షెడ్డులో పని. ఇంట్లో, వీధిలో, షెడ్డులో అందరూ నన్ను బొంగరం అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అదే రాస్తున్నాను. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఒక చోట నిలవనివి నా కాళ్లే గానీ, బుద్ధి స్థిమితంగానే ఉంది. ఇది రాయమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, బెదిరించలేదు, తాగించలేదు.

వచ్చే గురువారం నా గుండెకి ఆపరేషన్. పుట్టుకతో సరిగా మూసుకోని వాల్వు ఒకటి తీసి కొత్తది వేస్తారట. నూటికి తొంభై ఏడుగురు లేచి నడిచి ఇంటికెళ్తారని డాక్టరు గారు చెప్పారు. మిగతా ముగ్గురిలో నేనుంటే ఏం చెయ్యాలో ఈ కాగితంలో ఉంది.

1. దీన్ని అమలు చెయ్యాల్సిన మనిషి మా షెడ్డు మేస్త్రీ. పదకొండేళ్లుగా నేను చేసిన ప్రతి తప్పుకీ కస్టమర్ ముందు నిలబడి "నేనే చూసుకోలేదండీ" అన్న మనిషి. కస్టమర్ వెళ్లాక ఏమన్నాడో ఇక్కడ రాయను, ఇది నలుగురూ చదివే కాగితం.

2. నా టార్క్ రెంచి మేస్త్రీకి. బోల్టు ఎంత బిగించాలో అది కొలిచి చెబుతుంది. "నా మణికట్టు కంటేనా?" అంటాడు ఆయన. ఆ మణికట్టుకి ఈ మధ్య వణుకొచ్చింది, ఒప్పుకోడు. ఎవరూ చూడనప్పుడు వాడుకొమ్మని మనవి. ఆస్తి పుచ్చుకునే మనిషి సాక్షి సంతకం పెట్టకూడదని దస్తావేజులు రాసే ఆయన చెప్పాడు. సంతకమా, రెంచా అని అడిగితే మేస్త్రీ పెన్ను పక్కన పెట్టి రెంచి అన్నాడు.

3. బ్యాంకులో ఉన్న కాస్తా అమ్మకి. బండి డ్రైవర్ తలుపు లోపల ఒక అర ఉంది, అందులో నల్ల గొడుగుంది. అది అక్కకి. ఆ బండి మొత్తంలో ఒక్కసారి కూడా రిపేరుకి రాని వస్తువు అదొక్కటే. నన్ను బడికి పంపాలని రెండేళ్లు రోజూ నా వెంట పరిగెత్తిన అక్కకి ఆమాత్రం సుఖం దక్కాలి.

4. ఇక బండి. ఇరవై రెండేళ్ల నాటి పెద్ద సెడాన్. కొత్తలో ఇల్లు కొన్నంత ధర. ఒకే ఏడాదిలో రేడియేటర్, హెడ్‌లైటు, సస్పెన్షన్ వరసగా పోయేసరికి రిపేరు అంచనా బండి విలువని దాటింది. యజమాని కాగితాలు మేస్త్రీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మేస్త్రీ దాన్ని నా పేరు మీదకి మార్పించాడు. బండి పాతబడితే దాని ధర పడిపోతుంది గానీ విడిభాగాల ధర పడిపోదు. ఒక్క హెడ్‌లైటు నా నెల జీతం.

అయినా దీన్ని తుక్కుకి అమ్మకూడదు. అమ్మకి కిడ్నీలు పనిచెయ్యవు. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. నడుం నొప్పితో ఏ టాక్సీలోనూ పది నిమిషాలు కూర్చోలేదు. వెనక్కి వాలే ఈ బండి సీట్లో మాత్రం నిద్ర కూడా పోతుంది. తీసుకునే మనిషి ఈ కింది సంగతులు తెలుసుకోవాలి.

వేడి చూపించే ముల్లు సగం దాటితే, ఇంకొక్క మలుపే కదా అనుకోకుండా ఆపెయ్యాలి. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ గొట్టాలన్నీ ప్లాస్టిక్, వయసు మీద పడి బిస్కెట్లలా విరుగుతాయి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. నా మోచేతి మీద మచ్చ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సన్‌రూఫ్ నీళ్లు బయటికి పోయే సన్న గొట్టాల్ని వానలకి ముందే నైలాన్ తీగతో పొడవాలి. మర్చిపోతే నీళ్లు కార్పెట్ కిందున్న కంప్యూటర్ పెట్టెలోకి దిగుతాయి. అప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో వైపర్లు వాటంతటవే తిరుగుతాయి, ట్రాఫిక్‌లో పక్కవాళ్లు మనల్ని చూసి నవ్వుతారు.

కాలిన ఆయిల్ వాసనొస్తే ఇంజను మీది గాస్కెట్, అంటే రబ్బరు పట్టీ, కారుతోందని అర్థం. గాస్కెట్ చవకే. దాని దాకా చేరాలంటే మాత్రం ఒక రోజంతా విప్పుతూ కూర్చోవాలి.

ఎడమ వెనక చక్రం దగ్గర బండిని ఎత్తి పట్టే గాలి బ్యాగు మాత్రం మార్చొద్దు. అది కొంచెం కొంచెంగా కారుతుంది, మూడు నాలుగు గంటలు బండి ఆపితే ఆ మూల జానెడు దిగిపోతుంది. షెడ్డుకొచ్చిన ప్రతివాడూ "ఇది మార్చేశావంటే బండి సెట్టు" అని సలహా ఇస్తాడు. అమ్మ కాలెత్తకుండా కూర్చోగలిగే ఎత్తు అదే. ఆమె కూర్చున్నాక స్టార్ట్ చేస్తే బండి మెల్లగా లేస్తుంది. "లేపింది రా నన్ను" అని ప్రతిసారీ నవ్వుతుంది. ఇలా లేపీ లేపీ ఆ బ్యాగులో గాలి నింపే కంప్రెసర్ రెండేళ్లకే పోతుంది, ఆ ఖర్చు తెలిసే పెడుతున్నాను. కొత్త కంప్రెసర్ ఒకటి నా మంచం కింద డబ్బాలో ఉంది. బండితో పాటు అదీ.

5. ఈ బండిని మొదట మేస్త్రీకి రాశాను. పోయిన వారం చదివి వినిపిస్తే వద్దన్నాడు. ఎందుకో చెప్పాలంటే నా తప్పు చెప్పాలి.

ఈ బండి గేర్‌బాక్స్ ఆయిల్‌ని ఇరవై ఏళ్లకి పైగా ఎవరూ మార్చలేదు. లోపల అరిగిన ప్లేట్లకి ఆ మురికి ఆయిలే పట్టు ఇస్తోంది, ముట్టుకోవద్దన్నాడు మేస్త్రీ. నేను విననిది అదొక్కటేనా? ఆదివారం అంతా కూర్చుని మొత్తం కడిగి కొత్త ఆయిల్ పోశాను. మంగళవారం ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను అరుస్తోంది, బండి కదలదు. వెనక సీట్లో అమ్మ.

బావ, అంటే మా అక్క భర్త, స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల్ని దింపేసి ఖాళీ బస్సుతో వచ్చి అమ్మని ఎత్తుకుని తీసుకెళ్లాడు. ఆసుపత్రిలో అందరూ వింటుండగా, "చదువూ అబ్బలేదు, పనీ అబ్బలేదు. బండిని చంపావు సరే, మా అత్తయ్యని కూడా చంపుతావా?" అన్నాడు. అది జరిగి ఎనిమిది నెలలు. ఆ రోజు నుంచి ఆయనతో నేను మాట్లాడలేదు. పండ్లు పట్టుకుని ఇంటికొస్తే పెరటి తలుపు లోంచి జారుకున్నాను.

తర్వాత పది రోజులకి మేస్త్రీ ఒక గేర్‌బాక్స్ తెచ్చి "తుక్కు కొట్లో మూల పడుంది రా" అన్నాడు. మంచి గేర్‌బాక్సులు తుక్కు కొట్లో ఊరికే పడుండవని నాకు తట్టాలి. తట్టలేదు. దాన్ని కొన్నది బావ అని, పోయిన వారం బండి వద్దన్నప్పుడే మేస్త్రీ బయటపెట్టాడు. సొంత వ్యాన్ కోసం ఆరేళ్లు దాచుకున్నది తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడట. "వాడికి చెప్పావంటే నీ షెడ్డు గుమ్మం తొక్కను. చెబితే సిగ్గుతో ఆ బండి ముట్టుకోడు. నాతో మాట్లాడకపోతే పోనీ, అత్తయ్యని తిప్పితే చాలు" అన్నాడట.

కాబట్టి బండి బావకి రాస్తున్నాను. ముప్పై దాటి నడపడని ఆయన్ని చాలాసార్లు వెక్కిరించాను. ఈ బండికీ అమ్మకీ అలాంటి చెయ్యే కావాలి. బావ అన్న మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు, ఆ రోజుకి అది సరైన మాటే.

6. ఈ అంశం వద్దని దస్తావేజులు రాసే ఆయన తలపట్టుకున్నాడు. బతికుంటే ఏం చేస్తావో వీలునామాలో రాయరట. రాస్తాను. గురువారం నాకు ఆపరేషన్, అదే పొద్దున అమ్మకి డయాలసిస్. అందుకని బుధవారం సాయంత్రమే బావ ఇంటికెళ్లి తాళం ఆయన చేతికిస్తాను. తలుపు తియ్యగానే ముందు "బావా" అనాలి. ఆ తర్వాత మాటలు అవే వస్తాయి. నేను తిరిగొచ్చి స్టీరింగ్ పట్టేదాకా మూడు రోజులూ బావవే. పట్టాక మంగళ, శనివారాలు నావి. గురువారాలు మాత్రం ఎప్పటికీ బావవే.

చదివి, ఒప్పుకుని, నా చేత్తో సంతకం చేశాను.

మార్చి 9, సోమవారం
(సంతకం) బొంగరం

సాక్షులు:
1. విడిభాగాల కొట్టు పెద్దాయన
2. దస్తావేజులు రాసే ఆయన (ఆరో అంశం ఇష్టం లేకుండానే)