తెరుచుకోని పాటల పేజీ

ఆదివారం రాత్రి

మా స్మృతి నగర్ చర్చి పాటల వెబ్ పేజీ తెరుచుకోవడం లేదని మధ్యాహ్నం తమ్ముడు సుధీర్‌తో మామూలుగా అన్నాను. నా కంప్యూటర్‌లో వాడు పరీక్షించి చూడడానికి పెట్టిన కొత్త బ్రౌజర్‌లోనే ఆ ఇబ్బంది. వాడి ముఖం చిన్నబోయింది.

వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ భాషలో కొత్తగా చేరబోయే ఒక ఆదేశాన్ని ఆ బ్రౌజర్‌కు నేర్పడానికి వాడు ఏడాదిగా కష్టపడుతున్నాడు. అది వస్తే మా పేజీలాంటి పాతవి ఆగిపోతాయట.

"మన పేజీ సరిచేసేయ్‌రా" అన్నాను.

"ఇదొక్కటైతే చేసేద్దునక్కా. ఇలాటివి ఇంకెన్నున్నాయో ఏటో. పాత పేజీ ఏదీ ఆగకూడదు, అదీ మా రూలు. మా టీముకి రిపోర్ట్ పెట్టాల."

"పెడితే ఏటవుద్ది?"

"నా ఏడాది పని తీసి పక్కన పెట్టేస్తారు."

"పెట్టకపోతే ఎవలికి తెలుస్తాది?"

ఆరాధన నుంచి వచ్చి గంటైనా కాలేదు, ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. వాడు నవ్వాడు.

"నీకు తెలిసిపోయింది కదక్కా. ఇంకెవలికి తెలియాల?"

సాయంత్రం రిపోర్ట్ పంపేశాడు. అన్నం సగమే తిని లేచాడు.

వాడి పని నిలబెట్టమని ఇన్నాళ్లూ ప్రభువును అడిగాను. ఈ పూట అలా అడగలేకపోయాను. వాడికి నిద్ర పట్టించమని మాత్రం అడిగాను. వాడి గదిలో ఇంకా లైటు వెలుగుతోంది...