జనం లేని ఊరికి ప్రయాణం

చిచిహార్,
సెప్టెంబరు మొదటివారం, 2000

చెల్లి యుయెచిన్‌కు అన్న షౌయీ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ క్షేమం. ఫోనులో అయితే నువ్వూ అరుస్తావు, నేనూ అరుస్తాను, చివరికి ఎవరేమన్నారో తేలదు. అందుకే ఉత్తరం.

మనం కలుసుకుని ఏళ్ళయింది. నువ్వు దేశానికి ఆ కొసన, నేను ఈ కొసన. నువ్వు పాఠాలు చెప్పే బడికేమో ఇక అక్టోబరు మొదట్లో తప్ప సెలవు లేదు. దేశంలో ఉన్నవాళ్ళంతా రైలెక్కేదీ అప్పుడే. నిరుడు ఆ సెలవుల్లో పెద్దగోడ చూద్దామని బీజింగ్ వెళ్ళి, ముందు నడిచేవాడి మెడ మీద పుట్టుమచ్చ చూసి వచ్చాను.

అప్పటికి మా వైపు చలి, మీ వైపు ఉక్క. అందుకని పటం పరిచి నడుమ వెతికాను. హెనాన్ కొండల్లో చింగ్‌షీ అని ఒక చుక్క. ఈగ రెట్ట అనుకుని గోరుతో గీకాను. పోలేదు. ఊరే.

ఒక్కటే షరతు. జనం ఉండకూడదు. ముఖ్యంగా పసుపు టోపీ పెట్టుకుని, ప్రతి రాయి దగ్గరా ఆగి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషి నా కంటపడకూడదు.

ఇట్లు,
నీ అన్న షౌయీ

తా.క. నెత్తురు సంబంధం ఉన్నవాళ్ళతో తిరిగితే వచ్చే హాయే వేరు.

---

నాన్నింగ్,
సెప్టెంబరు రెండోవారం

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆయనే విప్పాడు. చదివి, తల మీది పసుపు టోపీ తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు. జీవితమంతా క్వారీలో పనిచేసిన మనిషి రాళ్ళ గురించి మాట్లాడక ఇంకేం మాట్లాడతాడు? అది నీకంత కంటగింపయింది.

నాకు తెలుసు, ఇదంతా నువ్వు పంపిన ఆ క్యాబేజీ ఊరగాయ కోపమే. మీ వైపు అది అలాగే వాసన వస్తుందని ఆయనకేం తెలుసు? కుళ్ళిందనుకుని పారబోశాడు. దాన్ని ఇన్నాళ్ళు మనసులో పెట్టుకుంటావా?

సరే, ఆయన రాడు. నేనొక్కదాన్నే వస్తాను.

ఇట్లు,
యుయెచిన్

తా.క. జాడీ కూడా పారేశాం.

---

చిచిహార్,
సెప్టెంబరు మధ్యలో

చెల్లి యుయెచిన్‌కు,

ఏ ఊరగాయ పారబోశారు?

"జాడీ అడుగు కూడా నాకేశాం అన్నయ్యా" అని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. మీ వదిన దాన్ని వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించింది.

పసుపు టోపీ అంటే యాత్రలవాళ్ళను వెంటేసుకుని జెండా ఊపుతూ నడిచేవాళ్ళు. మీ ఆయన టోపీ రంగు నాకు కలలోకి వస్తుందా? ఇప్పుడు మాత్రం ఆయన రావలసిందే. నా ఎదురుగా కూర్చుని ఒక జాడీ తినాలి. నేను మోసుకొస్తున్నాను.

ఇట్లు,
అన్న

తా.క. ఊరి పేరు ఎవరికీ చెప్పకు. నేనూ ఎవరికీ చెప్పలేదు, స్నానశాలలో రోజూ కలిసే, నాతో రైల్వేలో చేసిన ముసలివాళ్ళకు తప్ప.

---

నాన్నింగ్,
సెప్టెంబరు చివర

అన్నయ్యకు,

మా ఆయన వస్తానన్నాడు. నువ్వు "తినాలి" అన్న దగ్గర నుంచి పొద్దున్నే అన్నానికి ముందు పుల్లటి ముల్లంగి తిని అలవాటు చేసుకుంటున్నాడు. కడుపు పాడైంది. అయినా మానడం లేదు, "మీ అన్నయ్య ముందు మొహం వికారంగా పెట్టకూడదు" అంటున్నాడు.

అక్కడ వాన పడేట్టుందని టీవీలో చెప్పారు. మరేం చేద్దాం?

ఇట్లు,
యుయెచిన్

తా.క. మా డాన్సు బృందం ఆడవాళ్ళకు ఊరి పేరు చెప్పలేదు. ఏ స్టేషన్లో దిగాలో మాత్రం చెప్పాను.

---

చిచిహార్

చెల్లికి,

వాన మంచిదే. జనం రారు. బయల్దేరండి.

షౌయీ

---

నాన్నింగ్,
అక్టోబరు, సెలవులయ్యాక

అన్నయ్యకు నమస్కారాలు.

స్టేషన్లో తలుపు దగ్గరికి కూడా చేరలేకపోయాం. ఎవరో పుణ్యాత్ములు మా ఆయన్ను ఎత్తి కిటికీలోంచి లోపలికి తోసేశారు. నన్ను తోసేలోపు రైలు కదిలింది. ఆయన ఒక చెయ్యి బయటపెట్టి "నువ్వు తర్వాత బండికి రా" అన్నాడు. తర్వాత బండికి ప్లాట్‌ఫారం మీదకే రానివ్వలేదు.

"చేరాను, మీ అన్నయ్య ఇక్కడే ఉన్నాడు" అని ఒకసారి ఫోను చేసి పెట్టేశాడు. ఆ మాట చెప్పిన గొంతు నాకేం బాగా అనిపించలేదు. ఇప్పటిదాకా ఇల్లు చేరలేదు. మీరిద్దరూ బతికే ఉన్నారా?

ఇట్లు,
యుయెచిన్

---

చిచిహార్,
అక్టోబరు మధ్యలో

చెల్లి యుయెచిన్‌కు అన్న ఆశీస్సులు.

బతికే ఉన్నాం. మీ ఆయన మా ఇంట్లో ఉన్నాడు.

చింగ్‌షీలో దిగేసరికి మా రైల్వే ముసలివాళ్ళంతా నూడుల్స్ కొట్టు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ వెనక, ముందురోజే చేరిన మీ డాన్సు బృందం. ఊరివాళ్ళు తలుపులు తీసి పండగ చూసినట్టు చూశారు. సత్రంలో మిగిలింది ఒకటే మంచం. నేను, మీ ఆయన, మధ్యలో జాడీ. మొదటిరోజు చెరో గోడ చూస్తూ పడుకున్నాం. రెండోరోజు వానకు బయటికి పోలేక జాడీ తెరిచాను. వాసనకు పక్క గదివాళ్ళు ఖాళీచేసి వెళ్ళిపోయారు. మీ ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే "బాగుంది బావగారూ" అన్నాడు. అబద్ధమని తెలిసినా, అంత కష్టపడి నాకోసం అబద్ధం ఆడినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. మిగిలింది నేనే తినేశాను. పక్క గది ఖాళీ అయింది కాబట్టి ఇద్దరికీ చెరో మంచం దొరికింది.

వెనక్కి మీ వైపు బళ్ళన్నీ నిండిపోయాయి. మా వైపు బండి ఖాళీ. "ఊరికే కూర్చోవడం ఎందుకు బావా, రా" అన్నాను. వచ్చేశాడు.

నిన్న మంచు పడింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక మంచు చూడలేదట. మీ వదిన చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి, పొద్దున్నుంచి లోపలికి రానంటున్నాడు. టీ అక్కడికే అందిస్తున్నాం.

బళ్ళు ఖాళీ కాగానే పంపిస్తాం. తొందరేం లేదు.

ఇట్లు,
నీ అన్న షౌయీ

తా.క. పిడికెడు మంచు గట్టిగా నొక్కి, "ఇది యుయెచిన్‌కు, మీ ఉత్తరంతో పాటు పెట్టండి" అని చేతికిచ్చాడు. ఆ మొహం చూశాక కాదనలేకపోయాను. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే ఏమీ అనుకోకు.