రోజుకు పదిసార్లు

అక్కయ్యకు,

నేనెవరో నీకు తెలియదు. నీ మూడో ఏట మీ అమ్మ నిన్ను తీసుకుని వెళ్లిపోయాక, నాన్న మళ్లీ పెళ్లి చేసుకుంటే పుట్టినదాన్ని.

నాన్న దర్జీ. నా చిన్నప్పుడు ఏటా నీ వయసు లెక్కగట్టి నీకో గౌను కుట్టి పెట్టెలో దాచేవాడు. మిగిలిన ముక్కలు అతికి నాకు కుట్టేవాడు. ఎన్నడూ చూడని నిన్ను తలుచుకుని అప్పట్నుంచీ కుళ్లుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు పాత జనన, వివాహ రికార్డులు కంప్యూటర్లో చూడొచ్చు. జనం ఎగబడుతున్నారని ఒక్కొక్కరిని రోజుకు పదిసార్లే వెతకనిస్తారు. నాన్నకు తెరమీది అక్షరాలు ఆనవు కనుక నీ పేరూ, సంవత్సరమూ నేను కొడతాను. ఆయన కుట్టు మిషను వదిలి, స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంటాడు. పదిసార్లూ నీకోసమే.

"ఇంకొక్కసారి కొట్టు తల్లీ" అంటాడు.

"అయిపోయాయి నాన్నా, ఇక రేపే" అంటాను.

నువ్వు దొరికి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఆ రోజు రెండోసారికే నీ పెళ్లి నమోదు, చిరునామాతో సహా కనిపించింది. నాన్నకు చెప్పలేదు. కావాలనే తప్పు సంవత్సరాలు కొట్టి మిగతా ఎనిమిదిసార్లూ కానిచ్చాను. అప్పట్నుంచి రోజూ అదే పని. నువ్వు దొరికావంటే ఆ స్టూలు మళ్లీ మిషను దగ్గరికే పోతుంది.

తప్పే. అందుకే రాస్తున్నాను. రా. నీ అంతట నువ్వే వెతుక్కుంటూ వచ్చానని చెప్పు.

ఈ ఉత్తరం చేరి నువ్వు బయల్దేరేసరికి వారమైనా పడుతుంది. రోజుకు పది చొప్పున డెబ్బైసార్లు. అవి మాత్రం నావి.

చెల్లెలు