సెంట్రల్‌లో ఆగిపోయిన కాకి

తాతా,

పట్టభద్రుడైన నీ మనవడు తిరువళ్ళూరులో, మన ఇంట్లోనే, నాలుగేళ్ళ మనిషి చేతిలో బందీగా ఉండి రాసుకుంటున్నది.

పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాషలోనే రోజూ బొమ్మల పుస్తకం చదవాలని అక్కను అంగన్‌వాడీ టీచర్ పిలిచి చెప్పింది. పరిశోధనలు కూడా అదే అంటున్నాయట. అక్క ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి, ఏ ఉద్యోగమూ లేని నాకు ఈ పదవి దక్కింది.

నువ్వు చదివే కాకి పుస్తకమే తీశాను. అందులో కాకి గూడు కట్టి గుడ్లు పెడుతుంది, అంతే. రెండో పేజీలోనే అక్క కూతురు అమ్ములు నా నోరు మూసింది.

"అట్ల కాదు మామా! కాకి కరెంటు రైలెక్కి సెంట్రల్‌కి పోయినాది. తాత సదివినాడు."

"పుస్తకంలో రైలు యాడుండాది? చూపించు."

"నీకు సదవను రాదు, పో."

కాకి ఇంటికొచ్చేదాకా నా ఒళ్ళోంచి దిగదట.

కాకిని మద్రాసు సెంట్రల్ స్టేషన్‌లో దింపిన మరునాడే నువ్వు ఆస్పత్రికి వెళ్ళావు, తిరిగి రాలేదు. ఆరు నెలలవుతోంది.

దాన్ని మన ఊరి మీదుగా వచ్చే తిరుత్తణి రైలెక్కించడానికి నాకు ఒక్క వాక్యం చాలు, విడుదలైపోతాను. కానీ కాకి ఇల్లు చేరితే నీ కథ అయిపోతుంది తాతా. అమ్ములు ఆ పుస్తకం మూసేసి ఇంకోటి తెమ్మంటుంది.

అందుకని నిన్న కాకిని టికెట్ క్యూలో నిలబెట్టాను. ఇవాళ రైలు తప్పించాను.

"ఇంగో రైలు ఎప్పుడు మామా?"

"లేటంట."

"సరే, కాసుకుందాం" అని అమ్ములు ఒళ్ళో సర్దుకుని కూర్చుంది.