పాల చెంబు మీది సొట్ట

మంగళవారం, రాత్రి

పాతబస్తీ ఇళ్లలో వాడే సామాన్ల బొమ్మలు వేస్తున్నాను కదా, ఇవాళ ఇత్తడి పాల చెంబు వేశాను. హుస్సేనీ ఆలంలో గేదెలు పెట్టుకున్న లక్ష్మమ్మగారిది. మెరుపు బాగానే కుదిరింది. ఆమె బొమ్మను కళ్ల దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"గా సొట్ట గూడ ఏసినవా బిడ్డా?"

"ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి కదా, పెద్దమ్మా."

"మా ఇంటాయన ఇసిరికొట్టిండు. గోడకు గాదు, నాకు. ఆయన పోయిండు. ఇంక గది అందరు చూసుడేంది? తీసెయ్."

జాలి కలగాలి. నాకేమీ అనిపించలేదు. అమ్మ పోయినప్పటి నుంచీ ఏదీ అనిపించడం లేదు. తడి కుంచెతో ఆ సొట్ట నీడను చెరిపాను. నీటిరంగు పూర్తిగా పోదు, కాగితం పట్టేసుకుంటుంది. ఆరాక ఆమె అక్కడ వేలితో తడిమి, "సాఫ్ అయింది" అని నవ్వింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. నేను బొమ్మను అట్టలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి దీపం కింద చూస్తే సొట్ట కనిపిస్తూనే ఉంది. మళ్లీ దిద్దాలా, ఇలాగే ఉంచాలా... కుంచె తీసి పక్కన పెట్టేశాను.

బొమ్మ కింద 'పాల చెంబు, ఇత్తడి' అని రాశాను. ప్రతి బొమ్మకూ ఇంటివారి పేరు రాస్తాను. దీనికి రాయలేదు.

రాయొద్దని ఆమె అడగలేదు.