నడక వంతెన కింద నీళ్ళు

ఫార్మింగ్టన్ హిల్స్,
11 నవంబరు 2012.

పూజ్యులైన అత్తయ్యగారికి,

కోడలు ప్రణీత నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. తెనాలిలో మీరు, శశికళ వదినగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి సంగతి ఈసారైనా దాచకుండా రాయండి.

మీ ఉత్తరం దసరా వెళ్ళాక అందింది. ఫోన్లో మీకు సరిగా వినపడదనే కాదు, మీ అబ్బాయి స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటారు కాబట్టి కూడా ఈ సంగతులు ఉత్తరంలోనే రాస్తున్నాను. కావ్యశ్రీకి జలుబు తగ్గింది. వేసవిలో మీరు ఇక్కడ అల్లిన టోపీ పెట్టుకునే స్కూల్‌కి వెళుతోంది. డ్రైవింగ్ నేర్చుకున్నావా అని అడిగారు. లేదు. పర్మిట్ తీసుకుని ఏడు నెలలైంది గాని, మీ అబ్బాయి పక్కన కూర్చుంటే నాకు బ్రేక్ తప్ప ఇంకేదీ గుర్తురాదు.

ఇక మీ అసలు ప్రశ్న. మన ఇంటి వెనక వాగులో పురుగులు ఏరడానికి ఎమ్మెస్సీ చదవాలా, ఇవాళ చూసిన నీళ్ళనే ఇరవై ఏళ్ళు చూస్తూ కూర్చుంటారా అని రాశారు. నవ్వుకున్నాను. మొదట్లో నేనూ అదే అడిగాను. వాగు నీళ్ళు పరీక్షించే మా వాలంటీర్లకు పెద్ద, మార్జరీ గారని డెబ్బై ఏళ్ళావిడ. ఒక్క రోజు చూస్తే వాగు అబద్ధం చెబుతుందంటారు ఆవిడ. వాన పడ్డ మర్నాడు ఒకలా ఉంటుంది, మంచు కరిగినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏళ్ళ తరబడి చూస్తే గాని బాగుపడుతోందో పాడవుతోందో తెలియదట. రాయి తిప్పితే కింద రెండు తోకల పురుగు ఒకటి ఉంటుంది అత్తయ్యా, ఉలవగింజ కంటే కాస్త పెద్దది. నీళ్ళు ఏమాత్రం చెడినా అది బతకదు. అది కనబడిన రోజు ఆవిడ ముఖం చూడాలి. నాకూ ఆ పిచ్చే పట్టుకుంది. ఇంకా మూరన్నర పొడుగు గొట్టం ఒకటి ఉంది. అడుగున నలుపు తెలుపు బిళ్ళ ఉంటుంది. గొట్టంలో నీళ్ళు పోసి పైనుంచి చూడాలి. ఎంత లోతున బిళ్ళ కనబడితే నీళ్ళు అంత తేట అన్నమాట.

చలి ముదిరేలోగా ఇరవై ఏళ్ళకు సరిపడా ప్లాన్ రాయాలి. మనుషులం తొమ్మిది మందిమే, కాబట్టి నాలుగు చోట్లే చూడగలం. మూడు తేలిపోయాయి. నాలుగోదానికి రెండింటి మధ్య పోటీ పడింది. ఒకటి మీరు సాయంత్రాలు నడిచిన నడక వంతెన. రెండోది మూడు మైళ్ళ అవతల, షాపింగ్ సెంటర్ పార్కింగ్ నీళ్ళన్నీ వాగులో కలిసే పెద్ద తూము. వంతెనను ఎంచుకుంటే అది నా చోటు, ఎందుకంటే నేను నడిచి వెళ్ళగలిగేది అక్కడికే. ప్లాన్‌లో దాని పక్కన నా పేరు ఉంటుంది. తూమైతే కారున్న వాళ్ళకు పోతుంది. ఈ దేశం వచ్చిన నాలుగేళ్ళలో ఫలానా ఆయన భార్య అనకుండా నా పేరు అడిగి రాసుకున్నది వాళ్ళొక్కళ్ళే. ఆ చోటు నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను.

సెప్టెంబరు ఇరవై రెండు, శనివారం పొద్దున, వంతెన కింద నీళ్ళు గొట్టంలో పోస్తే జానెడు లోతుకే బిళ్ళ మాయమైంది. వారం రోజులుగా వాన చుక్క లేదు. పైన ఎక్కడో గట్టు కోసుకుపోతోందని అందరూ వాగు వెంట వెతికారు. ఏమీ దొరకలేదు. తర్వాత రెండు మీటింగుల్లోనూ అదే చర్చ. ఇంత వింత జరిగిన చోటును వదలకూడదు, నాలుగోది వంతెనే అని దాదాపు తేల్చేశారు. నేనూ తల ఊపాను.

కారణం నాకు ఆ పొద్దునే తెలుసు అత్తయ్యా. ఆగస్టులో విమానం ఎక్కేముందు మీరు ఏమన్నారో గుర్తుందా? "బకెట్లో ముంచితే అది నిమజ్జనం కాదమ్మా, స్నానం. పారే నీళ్ళలో కలుపు" అన్నారు. బుధవారం చవితి చేసుకుని, మూడో రోజు శుక్రవారం సాయంత్రం, మీరు ఎర్రమట్టితో చేసి ఆరబెట్టి వెళ్ళిన వినాయకుణ్ణి వంతెనకు కాస్త ఎగువన రాళ్ళ మధ్య దింపాను. పత్రి, పూలు నీళ్ళలో వేయలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. మర్నాడు నీళ్ళు చూసే రోజని తెలుసు. మట్టే కదా, తెల్లారేసరికి కరిగి కొట్టుకుపోతుందనుకున్నాను. మీరు చేసిన బొమ్మ అంత గట్టిదనుకోలేదు, పొద్దునకీ రాళ్ళ సందున ఉత్త మట్టిగడ్డలా కరుగుతూనే ఉంది.

ఎందుకు చెప్పలేదంటారా? మొదట సిగ్గేసింది. తర్వాత ఆశ పుట్టింది. గట్టు కోసుకుపోతోందని వాళ్ళు నమ్మినకొద్దీ నా చోటు ఖాయమవుతోంది. తూము దగ్గర ఆ రెండు తోకల పురుగు కనబడక మూడేళ్ళయింది. అసలు చూడాల్సింది దాన్ని. నేను నోరు విప్పకపోతే దాన్ని ఇరవై ఏళ్ళు ఎవరూ చూడరు.

నిన్న చివరి మీటింగ్. మార్జరీ గారు కాగితం మీద వంతెన పేరు రాయబోతుంటే లేచి చెప్పేశాను. నిమజ్జనం అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. ఒకాయన, నీళ్ళు చూడాల్సిన మనిషే నీళ్ళు పాడుచేస్తే ఎలా అన్నాడు. మార్జరీ గారు పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగారు.

"ఈ పండుగ ఏటా ఒకే తేదీకి వస్తుందా?" అని అడిగారు.

రాదన్నాను. ఎందుకు రాదన్నారు. తిథులు, అధిక మాసం అంటూ మొదలుపెట్టాను గాని నాకు తెలిసింది సగమే. ఎవరో సెప్టెంబరు నంబరు కొట్టేయబోతే ఆవిడ ఒప్పుకోలేదు. అది ఆ రోజు వాగులో ఉన్న నిజమేనని, పక్కన కారణం రాయమని పెన్ను నాకే ఇచ్చారు. రాశాను. ఆ తర్వాత నాలుగో చోటు తూమని ఖరారైంది.

మీకు ఒక పని చెబుతున్నాను. ప్లాన్ కాగితంలో మన పండుగ తేదీలకు కూడా ఒక వరుస పెట్టారు. ఇక్కడ చవితి చేసుకునే ఇళ్ళు పెరుగుతాయి గాని తగ్గవు కదా. సిద్ధాంతిగారిని అడిగి రాబోయే ఇరవై ఏళ్ళ చవితి తేదీలు రాసి పంపండి. అధిక మాసం ఎందుకొస్తుందో కూడా వివరంగా రాయండి, ఆవిడ నన్ను వదిలేలా లేరు. వచ్చే ఏడాది నుంచి మన వినాయకుడికి బకెట్టే. స్నానమే అనుకోండి. ఆ నీళ్ళు పెరట్లో మేపుల్ చెట్టుకు పోస్తాను. మీ మాట తప్పుతున్నందుకు కోప్పడకండి.

మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఫైన్ అంటారు, వీసా స్టాంపింగ్ అంటారు, అనవసరంగా బెంగపడతారు. మెల్లగా నేనే చెబుతాను, మీరు తొందరపడి ఫోన్లో అనేయకండి.

నిన్న ఇంటికొచ్చి ఏడ్చాను. మీ దగ్గర దాచడం ఎందుకు. ఇవాళ పొద్దున కాఫీ తాగి మళ్ళీ వంతెన దగ్గరికే వెళ్ళాను. పాత గొట్టం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. నీళ్ళు నింపి చూస్తే అడుగున బిళ్ళ పూర్తిగా కనబడింది. ఆ నంబరు ఎవరి ప్లాన్‌లోనూ చేరదు. వంటింట్లో మీరు తగిలించి వెళ్ళిన తెలుగు క్యాలెండర్ మీద, ఇవాళ్టి తిథి కింద రాసుకున్నాను. రేపటి గడి ఖాళీగా ఉంది, రేపు కూడా వెళతాను.

ఇట్లు,
మీ కోడలు
ప్రణీత