యాదమ్మకు మీరు రాసిన మాట

ఇవ్వాళ మీ సంవత్సరీకం. మీరు అర్జీ పెట్టిన టెలిఫోను పోయిన నెలే వచ్చింది.

పటాలంలో మీ కింద జవానుగా చేసిన మల్లయ్య, భార్య యాదమ్మతో మేళ్లచెరువు నుంచి వచ్చాడు. భోజనాలయ్యాక ఆమె సంచిలోంచి పాత ఉత్తరాల కట్ట తీసి నా ముందు పెట్టింది. అన్నీ మీ చేతిరాతే.

"నాకు రాయరాదమ్మా. సాబే కూసోని రాసిచ్చేటోళ్లు," అన్నాడు మల్లయ్య.

నాకు మీరు రాసినవీ దాచుకున్నాను. క్షేమం, పిల్లల చదువు చూసుకో, బావి మోటారు బాగుచేయించు. కింద పూర్తి పేరుతో సంతకం.

యాదమ్మ కట్టలో ఒకటి విప్పాను. 'నువ్వు నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటావు. ఇక్కడ మంచులో అదే గుర్తొస్తుంది.' నా ఒళ్లు మండిపోయింది. ఈ మాట పోస్టుమ్యాను చదువుతుంటే ఆమె వాకిట్లో పదిమంది విని ఉంటారు. నేను తప్ప.

"ఇది నువ్వు చెప్తే రాశారా?" అని మల్లయ్యను అడిగాను.

"బాగున్నననే చెప్పేటోణ్ని. మిగిలిందంత సాబ్ సొంతంగ రాసేటోళ్లు."

"నాకు గా అలవాటే లేదు. ఈయన ఎందుకు రాయించిండో అనుకున్న," అని యాదమ్మ పకపకా నవ్వింది. ఆమె కొంగు భుజం మీదే ఉంది. నా కొంగు అప్పటికే నా నోటి దగ్గరుంది.

ఆ ఒక్కటీ ఇమ్మని అడిగాను.

"నాకొచ్చిన ఉత్తరం ఎట్లిస్తనమ్మా?" అని కట్ట సంచిలో పెట్టుకుంది.

పైన ఆమె పేరు రాసింది మీరే. ఇంక నేనేమని అడగను?